పొగ రంగు తెలియని గద్ద

ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక తాళాల దుకాణం షట్టరు సగానికి దించేసి, దాని యజమాని ఆకాశంలోకి వెళ్లిపోతాడు. వెళ్లడానికి ఎంతో దూరం లేదు. దుకాణం వెనక గదిలో, తాళంచెవులు కోసే మెషీనుకూ గోడకూ మధ్య ఒక మనిషి ఒదిగి కూర్చునేంత చోటుంది. అక్కడ ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు, దాని ముందు విమానం నడిపే జాయ్‌స్టిక్. కుర్చీ వెనక్కి జరిపితే ఇత్తడి రజను పాదాలకు అంటుకుంటుంది. హెడ్‌ఫోను పెట్టుకున్నాక ఆయనకు భార్య పిలుపు వినిపించదు, షట్టరు బాదినా వినిపించదు. తాళంచెవి పోగొట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాళ్లు ఆ పూటకు వేరే దారి చూసుకోవలసిందే.

ఆయన ఆడేది ఆన్‌లైన్ యుద్ధం. ఎక్కడెక్కడివాళ్లో తమ ఇళ్లలో కూర్చుని రెండు పక్షాలుగా చీలి, లేని దేశంలో లేని ఊళ్ల కోసం కొట్టుకుంటారు. కొందరు విమానాలు నడుపుతారు, కొందరు నేల మీద ట్యాంకులూ లారీలూ నడుపుతారు. చేయి తిరగనివాళ్ల కోసం పెట్టిన ఆటల్లో ప్రతి బండి నెత్తినా ఒక గుర్తు వేలాడుతుంది, వీడు మనవాడు, వీడు పగవాడు అని. మన తాళాలాయన ఆడే చోట అలాంటి ముద్దుముచ్చట్లు లేవు. నేల ఉంది, చెట్లున్నాయి, మీకు కళ్లున్నాయి, వెతుక్కోండి. అంత ఎత్తునుంచి చూస్తే ట్యాంకు అన్నం మెతుకంత కూడా ఉండదు. పైగా ఒళ్లంతా అడవి రంగు మచ్చలు పూసుకుని చెట్ల కింద దూరి, ఇంజను ఆపేసుకుని కూర్చుంటుంది. కళ్లలో వత్తులు వేసుకుని వెతికినా ఆకులూ కొమ్మలే తప్ప ఇంకేమీ కనిపించవు. కాసేపటికి విసుగెత్తి, అడవిలో ఉన్న పొదలన్నీ ట్యాంకుల్లాగే కనబడతాయి. చాలామంది ఆ పొదల మీదే బాంబులు వేసి, ఏదో సాధించినట్టు ఇంటిదారి పడతారు.

తాళాలాయనకు మాత్రం కనిపించేవి. మిగతావాళ్లు తెర మీదికి ముక్కు ఆనించి వెతుకుతుంటే, ఈయన కుర్చీలో వెనక్కి వాలి, "ఆ తోపు కింద రెండున్నాయి. మూడోది గట్టు నీడలో ఉంది, కదలట్లేదు" అని తాపీగా చెప్పేవాడు. కొట్టి చూస్తే నిజంగానే ఉండేవి. అందుకే దళంలో అందరూ ఆయన్ని గద్ద అని పిలిచేవాళ్లు. ఎలా కనిపిస్తున్నాయి గురూ అని ఎవరైనా అడిగితే, కళ్లుంటే కనిపిస్తాయి అని గాలి తీసేసేవాడు. అసలు సంగతి చెప్పేవాడు కాదు.

అసలు సంగతేమిటంటే, గద్దకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. పుట్టుకతో వచ్చిన కళ్లు అవి. ఒకసారి ఎవరో పోతే, గోధుమ రంగు చొక్కా అనుకుని ఎర్రటి చొక్కా తొడుక్కుని పరామర్శకు వెళ్లాడు. ఆ రోజునుంచి ఆయన బట్టలు ఆయన చేతికి దొరకవు. పొద్దున్నే భార్య మంచం మీద పెట్టినవే తొడుక్కుంటాడు. ఈ లోపం వల్లే అడవిలో బండ్లు ఆయనకు దొరికిపోతాయి. మచ్చల రంగు పూసినవాడు లోకం కళ్లు కప్పడానికి పూశాడు. ఆ రంగే తెలియని కళ్లను ఏం పెట్టి కప్పుతాడు? రంగుల గోల లేకపోతే మిగిలేది గరుకూ నునుపూ, వెలుగూ నీడా. ఆకు గరుకుగా ఉంటుంది, ఇనపరేకు నునుపుగా ఉంటుంది. నీడ అంచు చెట్టుకైతే చిందరవందరగా ఉంటుంది, బండికైతే గీత గీసినట్టు ఉంటుంది. ఆయన చూసేది అదే.

మరి ఇంత గొప్ప సంగతిని దాచడం ఎందుకంటే, పందొమ్మిదేళ్ల వయసులో ఆయన నిజం విమానం కోసం వెళ్లాడు. పైలట్ల శిక్షణకు. రాతపరీక్ష గట్టెక్కాడు, పరుగులో నెగ్గాడు, ఊపిరి పట్టమంటే పట్టాడు. చివర్లో కళ్ల డాక్టరు ఒక పుస్తకం తెరిచి, రంగురంగుల చుక్కల మధ్య ఏ అంకె ఉందో చెప్పమన్నాడు. ఈయనకు చుక్కలే కనిపించాయి. డాక్టరు పేజీలు మొదట మెల్లగా తిప్పాడు, తర్వాత గబగబా తిప్పాడు, తర్వాత పుస్తకం మూసేశాడు. "ఇందులో నీ తప్పేమీ లేదు బాబూ" అని చెప్పి తర్వాతివాణ్ణి పిలిచాడు. తప్పు లేనివాడికి శిక్ష ఎందుకు పడిందో ఆ కుర్రాడికి అర్థం కాలేదు. ఇప్పటికీ అర్థం కాలేదు. ఇంటికొస్తే తండ్రి, తాళాలకి రంగులతో పనిలేదురా అని చేతికి ఆకురాయి ఇచ్చాడు. అప్పటినుంచి ఎవరైనా, "ఇదేం రంగో చెప్పు చూద్దాం" అంటే ఆయనకు ఒళ్లు మండుతుంది.

దళంలో ఒక పద్ధతి ఉంది. నేల మీద ఉన్నవాళ్లు తమ మీద తమవాళ్లే బాంబులు వేయకుండా, పక్కన పచ్చ పొగ వదులుతారు. పగవాళ్లు ఎక్కడున్నారో చూపించడానికి వాళ్ల మీదికి ఎర్ర పొగ గుండు పేలుస్తారు. పైనుంచి వచ్చినవాడు పచ్చదాన్ని వదిలి ఎర్రదాన్ని కొట్టాలి. చిన్నపిల్లలకైనా అర్థమయ్యే పద్ధతి. గద్దకు మాత్రం రెండూ బురద రంగు పొగలే. అయినా ఇన్నాళ్లూ గుట్టు బయటపడలేదంటే ఆ పుణ్యం లెక్కల టీచరమ్మది. ఆవిడ ఎప్పుడూ గద్ద పక్కనే రెండో విమానంలో ఎగిరేది. క్లాసులో అరిచి అరిచి అలవాటైన నోరు కదా, ఒక్క క్షణం మూతపడేది కాదు. "ఎర్ర పొగ వంతెనకు అవతల లేచింది అన్నయ్యగారూ, పచ్చది ఇవతల, చూశారుగా" అంటూ కనిపించినదల్లా వినిపించేది. గద్ద చూశానమ్మా అనేవాడు.

ఒక ఆదివారం టీచరమ్మ ఇంట్లో కరెంటు పోయింది. యుద్ధం మంచి పట్టు మీద ఉన్నప్పుడు ఆవిడ విమానం ఉన్నట్టుండి మాయమైంది. కింద ఏటి వంతెన దగ్గర తమవాళ్ల ట్యాంకులు ఇరుక్కున్నాయి. వాటికి ముందున్నవాడు నిజజీవితంలో బేకరీ నడుపుతాడు, దళంలో పేరు కూడా బేకరీయే. ఆ వంతెన దాకా రావడానికి అతను చాలాసేపు చెట్ల చాటునా గట్ల చాటునా పాక్కుంటూ వచ్చాడు.

"పొగ వేశాం గురూ. ఇంకాసేపైతే మమ్మల్ని నమిలేస్తారు. కొట్టెయ్" అన్నాడు బేకరీ.

గద్ద చూశాడు. వంతెనకు ఆ పక్కన ఒక పొగ, ఈ పక్కన ఒక పొగ. ఆటలో సూర్యుడు వాలిపోయే వేళ. రెండూ ఒకేలా నల్లగా, ఒకేలా లావుగా లేస్తున్నాయి. ఏ పక్క అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ అడిగితే, కనబడట్లేదా అంటారు. కనబడట్లేదా అంటే చుక్కల పుస్తకం మళ్లీ తెరుచుకుంటుంది. గద్ద అడగలేదు. దేవుడి మీద భారం వేసి ఆ పక్కదాని మీదికి దిగాడు. బాంబు వెంట్రుకవాసి తేడా లేకుండా పొగ మొదట్లో పడింది. ఆయన గురి ఎప్పుడూ తప్పదు, వచ్చిన చిక్కే అది.

కింద ఒక ట్యాంకు భగ్గుమంది.

"గురూ, అది నేను" అన్నాడు బేకరీ.

తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. నిద్రపోతున్నావా అని ఒకరు, కావాలనే చేశాడని ఇంకొకరు. దళానికి నాయకుడు పళ్ల డాక్టరు. నెమ్మదైన మనిషి, గొంతు పెంచడు. ఆ రోజు ఆయన కూడా పెంచాడు. "ఎర్ర పొగకీ పచ్చ పొగకీ తేడా తెలీదా అండీ మీకు?"

"తెలీదు" అన్నాడు గద్ద.

ఎవరో నవ్వారు.

"నవ్వొద్దు. నిజంగానే తెలీదు. పుట్టినప్పట్నుంచీ తెలీదు. నాకు రెండూ ఒకటే." ఇన్నేళ్లు నాలుక కింద తొక్కిపెట్టిన మాట ఇంత తేలిగ్గా బయటికొచ్చినందుకు ఆయనకే ఆశ్చర్యమేసింది. ఆ రోజు యుద్ధం ఓడిపోయారు.

వారం మధ్యలో పళ్ల డాక్టరు ఫోన్ చేశాడు. గద్ద దుకాణంలో బిగుసుకుపోయిన తాళం ఒకటి విప్పుతున్నాడు. భార్య పక్కనే స్టూలు మీద కూర్చుని కొత్త తాళంచెవులను రింగులకు ఎక్కిస్తోంది. ఫోన్ స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచాడు.

"ఇందులో మీ తప్పేమీ లేదండీ" అని మొదలుపెట్టాడు డాక్టరు. ఈ మాట ఎక్కడ విన్నాడో గద్దకు బాగా గుర్తుంది. చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. "మీరు ఇబ్బంది పడకూడదనే చెప్తున్నా. వచ్చే ఆదివారం నుంచి కింద లారీ నడపండి. మనవాళ్లకి డీజిలూ గుళ్లూ అందించాలి కదా. అదీ ముఖ్యమైన పనే."

"నేను లారీ నడపను."

"పోనీ ఒక పని చేద్దాం. చిన్న పరీక్ష పెట్టుకుందాం. మేం పొగలు వేస్తాం, ఏది ఏదో మీరు..."

"పరీక్షకి రాను."

"పూర్తిగా విననే లేదు మీరు."

"వినక్కర్లేదు డాక్టరుగారూ. ఒకసారి కూర్చున్నాను ఆ పరీక్షకి. మళ్లీ చచ్చినా కూర్చోను. ఇన్నేళ్లు నాతో ఎగిరారు. మీకెవరికీ కనబడని బండ్లు నేను చూపిస్తేనే కొట్టారు. అది చాలకపోతే ఇంకే పరీక్షా చాలదు. నేనొకటి చెప్తా వినండి. పొగకి రంగు వదిలేసి లెక్క పెట్టుకుందాం. మనవాళ్లైతే పక్కపక్కన రెండు పొగలు. పగవాళ్ల మీదైతే ఒకటి. ఎవరికీ కష్టం లేదు."

"ఒక్కరి కోసం దళం మొత్తం అలవాటు మార్చుకోవాలంటారా?"

"అవును."

డాక్టరు ఇలాంటి జవాబు ఊహించలేదు. కాదండీ నా ఉద్దేశం అది కాదు అని ఇటువైపు నుంచి ఎవరైనా నసిగితే, అప్పుడు మెల్లగా బుజ్జగించడం ఆయనకు అలవాటు. నోరు తెరిచి కూర్చున్నవాళ్లతోనే రోజంతా పని కదా. కాసేపు గొంతు సవరించుకుని, రూల్సు రూల్సే, ఆదివారం మీకు దళంలో విమానం లేదు, నొచ్చుకోకండి అని పెట్టేశాడు.

"లారీ నడిపితే కొంప మునుగుతుందా?" అంది భార్య, తల ఎత్తకుండానే.

"మునుగుతుంది."

"ఆటే కదండీ."

"మీ అందరికీ ఆట. నాకు ఉన్న ఆకాశం అదొక్కటే. అక్కణ్ణుంచి కూడా దిగిపొమ్మంటే దిగను."

ఆమె ఇంకో నాలుగు తాళంచెవులు రింగుకు ఎక్కించింది. "అయితే మరి అంత మెత్తగా మాట్లాడారేంటి ఆయనతో? నేనైతే దులిపేసేదాన్ని" అంది.

మర్నాడు బేకరీ ఫోన్ చేశాడు. మొదట చెడామడా తిట్టాడు. ఏ పక్క అని ఒక్క మాట అడిగుంటే నీ సొమ్మేం పోయేది అన్నాడు. గద్ద అన్నీ విన్నాడు. ఆ తిట్లు న్యాయమైనవే. తిట్టడం అయిపోయాక బేకరీ గొంతు మారింది.

"నిజంగా తెలీదా గురూ? మరి టమాటాలు పండాయో లేదో ఎలా తెలుస్తుంది నీకు?"

"నొక్కి చూస్తా."

బేకరీ ఆలోచనలో పడ్డాడు. "నేనూ అంతేలే. రొట్టె కాలిందో లేదో రంగు చూసి చెప్తారు కొత్తవాళ్లు. పైన ఎర్రగానే ఉంటుంది, లోపల పిండి పిండిగా ఉంటుంది. నేను తిరగేసి అడుగున తట్టి, చప్పుడు విని చెప్తా." ఉంటా మరి, ఆదివారం కనబడతావుగా అన్నాడు. గద్ద కనబడతానన్నాడు. ఏ పక్షాన అన్నది చెప్పలేదు.

ఆ ఆటలోకి ఎవరైనా రావచ్చు, ఏ పక్షం తక్కువగా ఉంటే అందులో చేరవచ్చు. ఆదివారం మధ్యాహ్నం గద్ద షట్టరు దించి, కుర్చీలో ఒదిగి, ఎదుటి పక్షంలో చేరాడు. అక్కడ ఆయన్ని ఎవరూ ఏ రంగూ అడగలేదు. విమానం ఇచ్చారు. పగవాళ్ల జాబితాలో గద్ద అనే పేరు చూసేసరికి పాత దళంలో అందరి గుండెల్లోనూ రాయి పడిందని తర్వాత టీచరమ్మ చెప్పింది. ఆవిడ ఆ రోజు విమానంలో లేదు. గద్ద నడపనన్న లారీని డాక్టరు ఆవిడకు అంటగట్టాడు.

భార్య టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, ఎప్పుడూ లేనిది అక్కడే నిలబడిపోయింది. గద్ద ఒక చెవి మీదినుంచి హెడ్‌ఫోను పక్కకు జరిపాడు.

"ఎక్కడున్నారు వాళ్లు? నాకు చెట్లే కనిపిస్తున్నాయి" అంది.

"ఇదుగో" అని తెర మీద వేలు పెట్టాడు. "ఇక్కడ నలుగురు. ముందున్నది బేకరీ, అతనెప్పుడూ నీడ చిక్కగా ఉన్న చోటే దూరతాడు. ఇది లారీ. అదిగో, ఆ గడ్డివాము పక్కన ఉంది చూడు, విమానాల్ని కొట్టే తుపాకీ బండి, దాన్నెప్పుడూ డాక్టరే నడుపుతాడు."

"నాకేం కనిపించట్లేదండీ."

"వాళ్లూ అదే అనుకుంటున్నారు."

నిజంగానే కింద ఎవరూ కదలడం లేదు, కాల్చడం లేదు. కాలిస్తే ఉన్న చోటు తెలిసిపోతుందని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. గద్ద వాళ్ల నెత్తి మీద తాపీగా తిరుగుతూ, రెండు పక్షాలకూ కనిపించే చోట టైపు చేయడం మొదలుపెట్టాడు. తోపులో నలుగురున్నారు, గట్టు వెనక లారీ ఉంది, గడ్డివాము పక్కన డాక్టరుగారున్నారు అని రాశాడు. కింద ఇంకో మాట చేర్చాడు. "రెండు పొగలు వేసినవాణ్ణి నావాడు అనుకుంటా. వేయనివాడు పగవాడు. ఒక చుట్టు తిరిగి వస్తా, ఆలోచించుకోండి."

అది చదివి డాక్టరు తన దళానికి గట్టిగా చెప్పాడట, ఎవ్వరూ పొగ వేయొద్దు, ఉత్త బెదిరింపు అని. బెదిరింపు అయినా కాకపోయినా ఆయన చెప్పినదాంట్లో న్యాయం లేకపోలేదు. గద్ద ఏ తోపో, ఏ గట్టో రాయలేదు కాబట్టి మిగతా విమానాలకు ఆ చోటు ఇంకా తెలియదు. దాక్కున్నవాడు తన పక్కన తనే పొగ వేసుకోవడమంటే, ఇక్కడున్నాను రండి అని ఎదుటి పక్షంలో ఉన్న విమానాలన్నిటినీ పిలవడమే. గద్ద ఒక్కడైతే వదిలేస్తాడేమో, మిగతావాళ్లు వదలరు. పొగ వేస్తే యుద్ధం పోయినట్టే.

గద్ద కొండ చుట్టూ తిరిగి వచ్చాడు. తోపు ఎలా ఉన్నది అలాగే ఉంది.

"ఎవరూ వేయలేదు" అంది భార్య.

పేజీలు గబగబా తిప్పుతున్న కళ్ల డాక్టరు చెయ్యి గద్ద కళ్ల ముందు కదిలింది. జాయ్‌స్టిక్ ముందుకు నొక్కి విమానం ముక్కు కిందికి వంచాడు. అప్పుడు తోపులో నీడ చిక్కగా ఉన్న చోటునుంచి ఒక పొగ లేచింది. ఒక్కటే. ఆయన బొటనవేలు బాంబు మీటను తాకి ఆగింది. దాని పక్కనే, తడుముకుంటున్నట్టు ఆలస్యంగా, ఇంకొకటి లేచింది.

"రెండు" అంది భార్య. ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "రెండండీ."

బేకరీ తర్వాత అతని వెనకవాడు వేశాడు. గట్టు వెనకనుంచి టీచరమ్మ వేసింది. ఆ హడావిడిలో ఆవిడవి మూడు లేచాయి, లెక్కల టీచరు అయ్యుండి. చూస్తుండగానే తోపంతా పొగలు. ఏ పొగది ఏ రంగో గద్దకు తెలియదు, తెలియనక్కర్లేదు. లెక్క తెలుస్తోంది. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి, దాంతో ఆ పొగలు కూడా సరిగ్గా కనిపించకుండా పోయాయి. గద్ద చేరిన పక్షం విమానాలు ఆ పొగలు చూసి నాలుగు వైపులనుంచీ విరుచుకుపడ్డాయి. బేకరీ ట్యాంకు అందరికంటే ముందు తగలబడింది.

గడ్డివాము పక్కన మాత్రం పొగ లేదు. గద్ద కళ్లు తుడుచుకుని, రెక్క వాల్చి, దాని మీదికి దిగాడు. బాంబు ఎక్కడ పడాలో అక్కడే పడింది.

యుద్ధం ముగిశాక రెండు పక్షాలవాళ్లూ కలిసి మాట్లాడుకునే చోటొకటి ఉంది. గద్ద అక్కడికి వెళ్లేసరికి బేకరీ నవ్వు వినిపిస్తోంది. ట్యాంకు బూడిదైనవాడు అంత నవ్వడం ఎవరూ విని ఉండరు. మేం రెండేసి వేశాం, డాక్టరుగారే వేయలేదు, పద్ధతి ప్రకారమే జరిగింది గురూ అంటున్నాడు. అన్నయ్యగారూ వచ్చే వారం ఈ లారీ నావల్ల కాదు అంటోంది టీచరమ్మ. చివరికి డాక్టరు, ఎప్పటి నెమ్మదైన గొంతుతోనే అన్నాడు.

"అంత తొందరేంటండీ? కాస్త ఆగితే నేనూ వేసేవాణ్ణే."

"ఆగాను డాక్టరుగారూ" అన్నాడు గద్ద. "ముప్పై ఏళ్లు ఆగాను."